హెడ్‌ఫోనుల నాదగుణములు: వానిని పోల్చు విధము

ఒకే ధ్వనిముద్రణను రెండు హెడ్‌ఫోనులలో వినినపుడు అది రెండు విధములుగా వినబడును. ఒకదానిలో గాయకుడు మన యెదుట నిలిచి పాడినట్లుండును. వేరొకదానిలో ప్రక్కగదిలో తలుపు చేరవేసికొని పాడినట్లుండును. పాట మారలేదు, గాయకుడు మారలేదు, మన చెవియు మారలేదు. మారినది నడుమనున్న యంత్రము మాత్రమే. ఆ యంత్రము పాటకు తననుండి చేర్చిన దానిని, పాటనుండి తీసివేసిన దానిని కలిపి దాని నాదగుణమందుము. ఈ గుణము దేనివలన కలుగుచున్నది, మేలుజాతి యంత్రములను ప్రక్కప్రక్కన నుంచి దానిని న్యాయముగా పోల్చుట యెట్లు, అను రెండు సంగతులను మన విద్యార్థులకు తెలుప గోరుచున్నాము.

ఈ విషయము నెన్నుకొనుటకు కారణము కలదు. తలిదండ్రుల సభ ముగిసిన పిమ్మట ఒక తండ్రిగారు మాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మావాడు ముప్ఫై వేల హెడ్‌ఫోను కొనిపెట్టమని పట్టుబట్టాడు. అది లేకపోతే రికార్డింగు పని నేర్చుకోవడం కుదరదంటాడు. నిజమేనాండీ?" అని యడిగిరి. ఆయన ఆటో నడిపి కుటుంబమును పోషించువారు. కుమారుడు మన గాయకబృందమున మంద్రస్వరము పాడువాడు, బుద్ధిమంతుడు. అట్టి ప్రశ్నకు విచారింపక యుత్తరమిచ్చుట మాకు తగదనిపించినది. మన పూర్వవిద్యార్థి యొకరు సెలవులలో వచ్చినపుడు తమయొద్దనున్న మూడు హెడ్‌ఫోనులను మాకు పదిదినములు వాడుకొననిచ్చిరి. బడిలో నున్న యొకదానిని వానితో చేర్చి, పదవ తరగతివారితో కలిసి విని చూచితిమి.

ముందుగా యంత్రముయొక్క నిర్మాణమును గూర్చి కొంత తెలిసికొనవలెను. ఎంత వెల పెట్టినను ప్రతి హెడ్‌ఫోనులోను ప్రధానమైనది ఒక పలుచని పొర. విద్యుత్తు ఆ పొరను ముందు వెనుకలకు కదలించును. పొర గాలిని కదలించును. గాలి మన కర్ణభేరిని కదలించును. పొరను కదలించు పద్ధతినిబట్టి వీనిని ముఖ్యముగా మూడు తెగలుగా విభజింపవచ్చును.

మొదటి తెగలో పొరకు సన్నని తీగచుట్ట యంటింపబడి, అది అయస్కాంతపు సందులో నాడుచుండును. 1937లో బెర్లిను నగరమున బేయర్ సంస్థవారు చేసిన డీటీ 48 ఈ తెగలో మొదటిదని చెప్పుదురు. అంతకు ముందే, 1910లో, అమెరికా దేశమున యూటా రాష్ట్రమందు నథానియేల్ బాల్డ్విన్ అనునతడు తన వంటయింటిలో కూర్చుండి హెడ్‌ఫోనులు చేసి ఆ దేశపు నౌకాదళమునకు సరఫరా చేసెను. కాని అవి తంతివార్తల కొరకే గాని సంగీతము కొరకు గావు. సంగీతమును రెండు చెవులకు వేరువేరుగా వినిపించు హెడ్‌ఫోనును 1958లో మిల్వాకీ నగరవాసియగు జాన్ కాస్ బజారులోనికి తెచ్చెను. 1968లో జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థవారు హెచ్‌డీ 414 అను దానిని వెలువరించిరి. దాని వెనుక భాగము మూసియుండక, గాలి యిటునటు పోవుటకు తెరచియుండెను. ఇది చిన్న మార్పుగా తోచవచ్చును గాని, మూతబడిన గిన్నెలో మాటలాడుటకును, ఆరుబయట మాటలాడుటకును గల భేదము దీనిలో నున్నది.

రెండవ తెగలో తీగ చుట్టగా నుండదు. పొరమీదనే రేకువలె పరచబడి, పొర యంతయు నొక్కసారి కదలును. జపానులో యమహా సంస్థవారు 1976లో ఇట్టి హెడ్‌ఫోనును అమ్మిరి. పిమ్మట చాలకాలము మరుగుపడియుండి, కాలిఫోర్నియాలోని ఆడెజీ వంటి సంస్థలవలన ఈ శతాబ్దమున మరల ప్రసిద్ధికి వచ్చినది. మూడవ తెగలో తీగయే యుండదు. వెండ్రుకకంటె నెంతో పలుచనైన పొరను రెండు చిల్లుల పలకల నడుమ బిగించి, స్థిర విద్యుత్తుచేత లాగుదురు. జపానులోని స్టాక్స్ సంస్థవారు 1960లో దీనిని మొదట నమ్మిరి. వారి నేటి యంత్రములలో పొరమీద 580 వోల్టుల పీడనముండును. ఇది మాకు లభించినదికాదు గావున దానిని గూర్చి యింతటితో విడిచెదము.

ఇచట మన దేశపు సంగతి యొకటి స్మరింపదగియున్నది. సర్ సి. వి. రామన్ గారు 1920లో శివకాళి కుమార్ గారితో కలిసి మృదంగమును గూర్చి ఒక చిన్న వ్యాసము ప్రకటించిరి. సామాన్యమైన చర్మపు పొరను కొట్టినచో దానిలో పుట్టు స్వరములు ఒకదానితో నొకటి పొసగవు. మృదంగపు కుడి ముఖమున నడుమ పూసిన నల్లని పూతవలన ఆ స్వరములు క్రమమైన శ్రుతిలోనికి వచ్చునని వారు చూపిరి. అనగా, మృదంగపు పొర తన స్వరమును తాను పలుకవలెను. అందుకే దానికి పూత. హెడ్‌ఫోను పొర సంగతి సరిగా దీనికి వ్యతిరేకము. అది తన స్వరమును తాను పలుకరాదు. మృదంగమును వినిపించినపుడు మృదంగముగాను, వీణను వినిపించినపుడు వీణగాను ఉండి, తాను లేనట్లుండవలెను. ఏ పొరయు నంత వినయముగా నుండదు. కొన్ని స్వరములయొద్ద తానుగూడ కొంచెము పలుకును, కొన్నింటియొద్ద బద్ధకించును. నాదగుణమునకు మూలమిదియే.

కాని, అన్ని స్వరములను సమానముగా వినిపించు యంత్రమును చేసినచో అది సహజముగా వినబడునా? వినబడదు. దీనిని చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. చెవి గొట్టము పొడవు సుమారు 2.5 సెంటీమీటరులు, ఒక వైపు కర్ణభేరిచే మూయబడియున్నది. అట్టి గొట్టము తన పొడవునకు నాలుగు రెట్లు, అనగా 10 సెంటీమీటరుల అలకు ప్రతిధ్వనించును. ధ్వనివేగము సెకనునకు 340 మీటరులు గదా, దానిని 0.1 చే భాగింపగా 3,400 వచ్చును. వాస్తవముగా మన చెవులు సెకనునకు 3,000 కంపనముల దరిని ధ్వనిని మిక్కిలి హెచ్చించును. ఎదుటనుండి వచ్చు ధ్వనికి చెవితమ్మె, తల, భుజములును తమ వంతు మార్పు చేయును. హెడ్‌ఫోను చెవిని కప్పివేయుటచేత ఈ సహాయములలో కొన్ని తప్పిపోవును. కావున ఆ తప్పిపోయిన దానిని యంత్రమే నింపవలెను. ఎంత నింపవలెనను విషయమున తయారుచేయువారిలో ఏకాభిప్రాయము లేదు. 2013 మొదలుకొని అమెరికాలో హార్మన్ సంస్థలోని షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ అనువారు అనేక శ్రోతలకు వినిపించి, ఎక్కువమందికి రుచించు కొలత యొకటి నిర్ణయించిరి. నేడు పెక్కురు దానిని గీటురాయిగా గైకొందురు. మా యభిప్రాయమున అది మంచి గీటురాయియే గాని, ఒక్కొక్కరి చెవి యొక్కొక్క విధముగా నుండుటవలన, అందరకు సరిపోవు చెప్పుల కొలతవంటిదని మరువరాదు.

ఇక పోల్చు విధము. ఈ భాగమును విద్యార్థులు శ్రద్ధగా చదువవలెను. ఏలయన, తప్పు త్రాసుతో తూచిన తూనికలన్నియు తప్పులే.

హెడ్‌ఫోనులన్నియు ఒకే మీట స్థానమున ఒకే బిగ్గరతో పలుకవు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అను దాని విద్యున్నిరోధము 300 ఓములు. ఫోనుకు తగిలించినచో నీరసముగా పలుకును. వేరొకటి అదే స్థానమున గర్జించును. బిగ్గరగా పలికినది శ్రేష్ఠమని చెవి భ్రమించును. ఇది కేవలము మనస్సు చేయు మోసముగాదు. తక్కువ బిగ్గరలో మన చెవికి మంద్రస్వరములు మిక్కిలి మందగించి వినబడునని ఫ్లెచర్, మున్‌సన్ అనువారు 1933లో నిరూపించిరి. కావున ధ్వని హెచ్చినకొలది అదే యంత్రమున మృదంగపు గుమికి నిండుగా వినబడును. దీనిని సరిచేయుటకై మేము ఒక దళసరి అట్టముక్కకు రంధ్రము చేసి, దానిలో ధ్వనిమాపకపు మైకు నమర్చి, ప్రతి హెడ్‌ఫోనును ఆ యట్టమీద బోర్లించి, ఒకే స్వరమునకు ఒకే కొలత వచ్చునట్లు మీటను త్రిప్పి గుర్తు పెట్టితిమి. ఇది ప్రయోగశాలలోని పనిముట్టు వంటిది గాదు. అయినను పని జరిగినది.

రెండవది జ్ఞాపకము. ధ్వనియొక్క సూక్ష్మభేదములను మనస్సు కొద్ది క్షణములు మాత్రమే నిలుపుకొనగలదు. నిన్న విన్న దానితో నేడు విన్న దానిని పోల్చుట గాలిలో లెక్క వేయుటయే. కావున పాట అంతయు వినక, పది పదునైదు సెకనుల చరణమును పట్టుకొని వెంటవెంటనే మార్చి వినవలెను.

మూడవది కన్నులు. వెల తెలిసినవాడు వెలనే వినును. విద్యార్థుల కన్నులకు గుడ్డ కట్టి, మరియొకరు హెడ్‌ఫోనును తలకు తగిలించునట్లు చేసితిమి. కాని దీనిలో నొక చిక్కున్నది. హెచ్‌డీ 600 తూకము సుమారు 260 గ్రాములు. ఆడెజీ ఎల్‌సీడీ-2 తూకము అర కిలోకు మించును. కన్నులు కట్టినను మెడ చెప్పివేయును! "ఇది ఖరీదైనదండీ, బరువుగా ఉంది" అని ఒక బాలిక వినకమునుపే తీర్పు చెప్పినది. పైన పేర్కొనిన హార్మన్ సంస్థవారు ఈ చిక్కు తప్పించుకొనుటకై, పెక్కు హెడ్‌ఫోనుల నాదమును ఒకే హెడ్‌ఫోనులో అనుకరించి వినిపించిరి. మనకంత సాధనసంపత్తి లేదు గావున, బరువు నాదము కాదని ముందుగా చెప్పి సాగించితిమి.

వినిపించినవి మూడు: మన బడి ప్రార్థనాలయమున హార్మోనియము, మృదంగము, తాళములతో గాయకబృందము పాడిన కీర్తన; ఒక వీణ ముద్రణ; పెద్ద దేవాలయపు గొట్టపు ఆర్గన్ ముద్రణ. ఆర్గనునందలి పదునారు అడుగుల గొట్టము సెకనునకు సుమారు 33 కంపనముల స్వరము పలుకును. దానిని సరిగా వినిపించుట యంత్రమునకు గొప్ప పరీక్ష.

హెచ్‌డీ 600 1997లో వెలువడినది. తెరచిన వెనుక గలది. హార్మోనియమును, మనుష్యకంఠమును ఇంత సహజముగా వినిపించినది మా నాలుగింటిలో వేరొకటి లేదు. బాలికల స్వరమునకును బాలుర స్వరమునకును నడుమ గల తావు స్పష్టముగా నుండెను. కాని 60 కంపనములకు దిగువన దాని బలము తగ్గిపోవును. ఆర్గను మ్రోగుచున్నదని తెలియునే గాని, బల్ల అదరినట్లుండదు. మృదంగపు ఎడమ ముఖమున రవ్వముద్ద పెట్టి పలికించు ఆ లోతు సగమే చేరినది.

ఎల్‌సీడీ-2 రెండవ తెగకు చెందినది. ఆర్గను మొదటి మంద్రస్వరము పలుకగనే పిల్లలు కొందరు తల యెత్తిరి. ఆ లోతు బరువుగా నుండియు బురదగా లేదు. దరువుకు దరువుకు నడుమ నిశ్శబ్దము మిగిలియుండెను. దీనిలో లోపమేమనగా, 2,000 మొదలు 4,000 కంపనముల వరకు నది కొంత వెనుకంజ వేయును. మాటలయందలి స్ఫుటత్వమంతయు ఆ ప్రాంతముననే యుండుటవలన, గాయకబృందము రెండు బల్లల వెనుకకు జరిగి పాడినట్లుండెను. వీణకు మాత్రము ఈ గుణము హాయినిచ్చినది.

బడిలోని బేయర్‌డైనమిక్ డీటీ 770 మూసియుండు తెగ. నాలుగింటిలో తక్కువ వెలది. తక్కినవి మూడును తమ ధ్వనిని ప్రక్కవారికి వినిపించివేయును, ఇది వినిపింపదు. ధ్వనిముద్రణశాలలలో దీనిని విరివిగా వాడుట కిదియే కారణము. దీని గుణమును తెలిసికొనుటకు మన భాషయే మంచి సాధనము. మనకు శ, ష, స అని మూడు అక్షరములు కలవు. వీనిలో స అనునది సెకనునకు 5,000 కంపనములకు పైగా నున్న సన్నని ధ్వనిచే నేర్పడును. శ, ష లు అంతకంటె దిగువన నేర్పడును. డీటీ 770లో 8,000 దరిని ధ్వని యెగయును. కావున "సంతోషము" అను మాటలో ష సౌమ్యముగానుండగా, మొదటి స సూదివలె గుచ్చినది. "యేసు" అను నామమున సు కారమును "ఈల వేసినట్టుంది" అని యొక విద్యార్థి వ్రాసెను. తాళములు మాత్రము మెరసినవి. కళ్లజోడు పెట్టుకొనిన ఒక బాలునికి దీనిలో మృదంగము పలుచగా వినబడెను. కళ్లజోడు తీయించినంతనే మృదంగము తిరిగివచ్చెను. మూసిన హెడ్‌ఫోనులో మంద్రస్వరము నిలుచుట, మెత్తలు చెవిచుట్టు సందులేక అంటియుండుటపై నాధారపడియున్నది. జడ క్రింద పడినను అంతే.

సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఎస్ అన్నింటికంటె వెలగలది. 2009లో వచ్చిన హెచ్‌డీ 800కు ఇది తమ్ముడు; అన్న 6,000 కంపనముల దరిని గట్టిగా పలుకుచుండుటచేత, 2016లో ఆ బిగ్గరను పీల్చుకొను ఏర్పాటు చేసి దీనిని వెలువరించిరి. దీని పలుకుపొర 56 మిల్లీమీటరుల వెడల్పు గలది; చెవికి దూరముగా, ముందువైపునుండి పలుకునట్లు వాలుగా నమర్చబడినది. హెడ్‌ఫోనులలో సామాన్యముగా పాట తలలోపలనే యున్నట్లు వినబడును. ఏలయన, గదిలో కుడివైపు ధ్వని యెడమ చెవికిని, సెకనులో వెయ్యవవంతుకంటె తక్కువ ఆలస్యముతో చేరును, హెడ్‌ఫోనులో నది చేరదు. ఈ యంత్రమున ఆ లోపము పూర్తిగా పోలేదు గాని, పాట తలవెలుపల విశాలముగా పరచుకొన్నది. ఏ విద్యార్థి యెచట నిలిచెనో వ్రేలితో చూపగలిగితిమి. మూడవ చరణమున ఒకరు దగ్గుట, కీర్తనల పుస్తకపు పుట త్రిప్పుట కూడ దాగలేదు. అయినను, దీనిలో పాటకంటె గది యెక్కువ వినబడుచున్నదని మాకు తోచినది. సంగీతమునందు మునుగుటకంటె, సంగీతమును పరీక్షించుటకు తగినది.

ఇచట చిన్న హెచ్చరిక. వయసు పెరిగినకొలది చెవి మిక్కిలి తారమైన ధ్వనులను కోల్పోవును. తరగతిలో 16,000 కంపనముల స్వరము వినిపింపగా పిల్లలు చేతులెత్తిరి. నలుబదులు దాటిన మాకు నిశ్శబ్దమే. కావున మా వయసువారు తారస్వరముల నాణ్యమును గూర్చి వ్రాసిన విమర్శలను చదువునపుడు, వ్రాసినవారి యేండ్లను గూడ కనుగొనుట మంచిది.

ఆ తండ్రిగారి ప్రశ్నకు మేమిచ్చిన యుత్తరమిది. జెరోన్ బ్రేబార్ట్ అను పరిశోధకుడు 2017లో 283 హెడ్‌ఫోనుల కొలతలను పరిశీలించి, వెలకును స్వరసమత్వమునకును సంబంధము కనబడలేదని ప్రకటించెను. ఎక్కువ వెల పెట్టినచో లోహము, తోలు, పాలరాయి సయితము దొరకును. సెన్‌హైజర్ వారు 2015లో చూపిన హెచ్‌ఈ 1 అను యంత్రపు పీఠము పాలరాతితో చేయబడినది. నిజమైన నైపుణ్యముకూడ కొన్నింట దొరకును. హెచ్‌డీ 800 ఎస్ విశాలత్వము అట్టిది. కాని పని నేర్చుకొను బాలునికి కావలసినది, తనయొద్దనున్న యంత్రము ఎచట హెచ్చించుచున్నదో, ఎచట తగ్గించుచున్నదో తెలిసియుండుట. డీటీ 770లో స గుచ్చునని తెలిసినవాడు ముద్రణలో నిజముగా గుచ్చుచున్న స ను గుర్తింపగలడు. తెలియనివాడు ముప్పది వేలు పెట్టియు గుర్తింపలేడు. కుమారుడు రెండేండ్లు బడిలోని యంత్రముతోనే గాయకబృందపు ముద్రణలు చేయవచ్చునని, ఆ పిమ్మట కొనదలచినచో తానే విని యెన్నుకొనునని చెప్పితిమి. తండ్రిగారు సంతోషించిరి. కుమారుడు అప్పుడంత సంతోషింపలేదు. అయినను క్రిస్మసు ఆరాధనను ముద్రించినవాడు అతడే. ఆ ముద్రణ బాగుగనున్నది.

వెలకంటె భయపడవలసినది బిగ్గర. పెద్దవారు వారమునకు 40 గంటలు వినుటకు 80 డెసిబెల్‌లు మితమనియు, పిల్లలకు 75 మాత్రమే మితమనియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. ప్రతి 3 డెసిబెల్‌లకు వినదగిన కాలము సగమగును: 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5, 92కు రెండున్నర. తెరచిన హెడ్‌ఫోను బస్సులో పెట్టుకొన్నవాడు ఇంజను మ్రోతను జయించుటకై మీటను పైకి త్రిప్పుచునే యుండును. చెవి లోపలి సన్నని రోమకణములు ఒకసారి నశించినచో మరల మొలవవు. ప్రయాణములలో వినువారు మూసిన జాతినే వాడవలెను, లేదా విననేకూడదు.

పైన చెప్పిన మూడు ముద్రణలును, రంధ్రము చేసిన అట్టయు, డీటీ 770యు విజ్ఞానశాస్త్రపు గదిలో నున్నవి. తొమ్మిదవ, పదవ తరగతులవారు శుక్రవారము సాయంకాలము నాలుగు గంటలకు వచ్చి వినవచ్చును. తమ హెడ్‌ఫోను గలవారు దానినికూడ తేవలెను. కళ్లజోడు గలవారు ఒకసారి దానితోను, ఒకసారి లేకయు విని, రెండు ఫలితములను వేరువేరుగా వ్రాయవలెను.